సంసారం చేసే చేపలు

మా యింటికి వచ్చినవారు ముందుగదిలోని అద్దాల తొట్టిని చూసి, "చేపలను కూరకు తెచ్చుకుంటారు గాని, పెంచుకోవడమేమిటండీ!" అంటారు. నవ్వి ఊరుకోవడం నాకు అలవాటైపోయింది. కాని ఆ తొట్టిలో పిల్లలున్న రోజులలో వచ్చినవారు అట్లా అనలేదు. తల్లి ముందు, తండ్రి వెనుక, నడుమ గుంపుగా పిల్లలు తిరుగుతూ ఉంటే, చేతిలోని చాయ్ చల్లారిపోయేదాకా చూసినవారున్నారు. చేప గ్రుడ్లు పెట్టి తన దారిన తాను పోతుందనే మనం అనుకుంటాము. చాలా చేపలు అట్లాగే పోతవి కూడా. గ్రుడ్లను కావలి కాచి, పిల్లలను వెంట త్రిప్పుకొని, వాటి కోసం తమకంటె పెద్దదానితోనైనా పోట్లాడే చేపలు కొన్ని ఉన్నవి. వాటిలో పేరుపడ్డ కుటుంబం సిక్లిడ్ చేపలది. భివండీ వంటి సాంచాల ఊరిలో వీటిని పెంచి పిల్లలను తీయడంలో నేను పడ్డ తిప్పలు, నేర్చుకొన్న సంగతులు చదువరులతో చెప్పుకొందామని ఈ వ్యాసం.

సిక్లిడ్ అంటే ఏది?

ఇది ఒక చేప పేరు కాదు, ఒక పెద్ద కుటుంబం పేరు. శాస్త్రజ్ఞులు ఇప్పటికి 1700కు పైగా జాతులను గుర్తించి పేర్లు పెట్టారు. ఆఫ్రికాలోను, దక్షిణ, మధ్య అమెరికాలలోను ఇవి ఎక్కువ. మలావి, టాంగన్యీకా, విక్టోరియా అనే ఆఫ్రికా సరస్సులలో ఒక్కొక్కదానిలోనే వందల జాతులున్నవి. మీరు చూస్తున్నది సిక్లిడ్ అవునో కాదో తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. సామాన్యంగా చేపలకు మూతికి ఒక్కొక్క ప్రక్క రెండేసి ముక్కురంధ్రాలుంటవి. సిక్లిడ్‌కు ఒక్కొక్కటే.

మన దేశానికి సొంతమైన సిక్లిడ్‌లు మూడే మూడు. మొదటిది కేరళీయులు కరిమీన్ అని ఇష్టంగా తినే చేప. కేరళ ప్రభుత్వం 2010లో దానిని రాష్ట్రపు చేపగా ప్రకటించింది. మన పులికాట్ సరస్సులోను అది ఉన్నది. రెండవది బెత్తెడైనా ఉండని పసుపురంగు చేప, ఆరంజ్ క్రోమైడ్. మూడవది కర్ణాటకపు నదులలో దొరికే కెనరా చేప. కరిమీన్‌కు 1790లో బ్లాక్ అనే జర్మను పండితుడు పెట్టిన శాస్త్రనామంలో 'సురాటెన్సిస్' అనే మాట ఉన్నది. అనగా సూరత్‌ది అని అర్థం. సూరత్ అంటే మనకు క్రొత్త ఊరా! మన పద్మశాలీలలో ఎన్ని కుటుంబాలు భివండీకి వచ్చినట్లే అక్కడికి పోయి సాంచాలు నడుపుకొంటున్నవో! ఆ ఊరి పేరు మోసే చేపను చూసినప్పుడల్లా, దూరపు చుట్టాన్ని చూసినట్లుంటుంది.

నేను మొదలుపెట్టిన విధం

బొంబాయి మెరీన్ డ్రైవ్ మీద తారాపోర్‌వాలా మత్స్యశాల 1951లో బాబూ రాజేంద్రప్రసాదుగారి చేతుల మీదుగా తెరువబడింది. చిన్నప్పుడు మా నాయిన నన్ను అక్కడికి తీసుకొనిపోయాడు. ఆనాడు అద్దం వెనుక చూసిన చేపలు నా మనస్సులోనుంచి పోలేదు. పెండ్లయి, సొంత గది అమరిన తరువాత మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టి చేయించాను. దానిలో సుమారు 125 లీటర్ల నీరు పడుతుంది. అంటే నీటి బరువే 125 కిలోలు. కనుక కుర్చీ మీద, బల్ల మీద కాక, గట్టి ఇనుప స్టాండు మీదనే నిలుపవలె. అద్దానికి, ఇనుముకు నడుమ థర్మోకోల్ పలక పరచకపోతే అడుగు పగిలే ప్రమాదం ఉన్నది.

తొట్టి నింపిన రోజుననే చేపలు వేసుకోవచ్చునని ఒక దుకాణంలో చెప్పారు. నేను నమ్మి వేశాను. వారం తిరక్కుండా వాటిలో మూడు చచ్చినవి. కారణం తరువాత తెలిసింది. చేపల మలమూత్రాల నుంచి, మిగిలిన మేత నుంచి నీటిలో అమ్మోనియా పుడుతుంది. అది విషం. దానిని మార్చివేసే సూక్ష్మజీవులు వడపోత స్పంజిలోను, అడుగున ఉన్న గులకరాళ్ల మీదను పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పెరుగు తోడుకోవడానికి ఒక రాత్రి ఆగుతాము గదా! తొట్టి తోడుకోవడానికి ఒక నెల ఆగవలెనని అనుకొంటే చాలు. పాత తొట్టిలోని స్పంజిని ఎవరైనా యిస్తే ఆ గడువు తగ్గుతుంది.

ఇక నీరు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. బకెట్లలో పట్టి, ఒక రాత్రీ పగలూ మూత లేకుండా ఉంచి, వీలైతే గాలి కొట్టించి వాడవలె. బోరు నీరు గట్టినీరు. ఏంజెల్ వంటి అమెరికా చేపలు గ్రుడ్లు పెట్టడానికి మెత్తని నీరు మేలు. మలావి, టాంగన్యీకా చేపలకైతే గట్టినీరే ఇష్టం. మీ యింటి నీటికి తగిన చేపను ఎన్నుకొంటే సగం కష్టం తప్పుతుంది. వారానికొకసారి నాలుగవ వంతు నీరు మార్చడం మరువరాదు.

మన ఊరికే ప్రత్యేకమైన బెడద ఇంకొకటి ఉన్నది. అది దూది దుమ్ము. కార్ఖానాల నుంచి లేచే సన్నని నూగు వచ్చి నీటి మీద పొరగా పడుతుంది. ఆ పొర క్రింద నీటికి గాలి అందదు. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తవి. తొట్టికి అద్దపు మూత పెట్టి, మూలన చిన్న సందు వదిలాను. అయినా పడిన నూగును ప్రతి ఉదయం ఒక కాగితం నీటి మీద పరచి లాగితే, అది కాగితంతోపాటు వచ్చేస్తుంది. కరెంటు పోయి గాలి మోటారు ఆగినప్పుడు, చెంబుతో నీరు ముంచి ఎత్తునుంచి పోయడం పాత ఉపాయమే గాని, ప్రాణాలు నిలుపుతుంది.

జంట కుదరడం

నేను ఎన్నుకొన్నది ఏంజెల్ చేపను. అమెజాన్ నది పరివాహకపు చేప అది. బిళ్లవలె పలుచని ఒళ్లు, పైకీ క్రిందికీ తెరచాపలవంటి రెక్కలు. దీనిలో మగదేదో ఆడదేదో పైకి తెలియదు. దుకాణదారు "ఇదిగో జంట" అని రెండు చేతిలో పెడితే నమ్మరాదు. చిన్నవి ఆరింటిని తెచ్చి ఒకే తొట్టిలో పెంచవలె. ఎనిమిది పది నెలలకు వాటిలో రెండు తమంతట తామే జతపడి, ఒక మూలను తమదిగా చేసుకొని, మిగతావాటిని దగ్గరకు రానివ్వవు. అప్పుడు ఆ రెంటిని ఉంచి మిగతా నాలుగింటిని తీసివేయవలె. పెద్దలు కుదిర్చిన సంబంధాలు వీటి దగ్గర చెల్లవు. బలవంతంగా కలిపితే ఒకదానిని ఒకటి పొడుచుకొని చంపుకొన్న సందర్భాలున్నవి.

గ్రుడ్లు పెట్టే ముందు జంట రెండూ కలిసి ఒక వెడల్పాటి ఆకునో, నిలువుగా ఆనించిన నల్లరాతి పలకనో ఒకటి రెండు రోజులు మూతితో గీకి శుభ్రం చేస్తవి. మన యిండ్లలో పురుడు రాకముందు గది అలికినట్లే ఉంటుంది. అప్పుడు రెంటికీ పొట్ట క్రింద చిన్న గొట్టం కనబడుతుంది. ఆడదానిది లావుగా మొద్దుగా, మగదానిది సన్నగా కొనదేలి ఉంటుంది. ఆడది వరుసలు వరుసలుగా గ్రుడ్లంటిస్తూ పోతుంటే మగది వెనుకనే వచ్చి వాటిని ఫలింపజేస్తుంది. ఒక్క కాన్పుకు రెండు మూడు వందల గ్రుడ్లు. తరువాత రెండూ వంతులవారీగా వాటి ముందు నిలిచి రెక్కలతో విసరుతవి. తెల్లబడి చెడిపోయిన గ్రుడ్డును ఏరి పారవేస్తవి. అది బూజు పట్టి ప్రక్కవాటిని చెరచకుండా ఈ జాగ్రత్త.

మా యింట జరిగినది

మొదటిసారి గ్రుడ్లు పెట్టిన రోజున నా సంతోషం చెప్పలేను. మరునాడు ప్రొద్దున చూస్తే పలక నున్నగా ఉన్నది. రాత్రికి రాత్రే తల్లిదండ్రులు గ్రుడ్లన్నిటిని తినివేసినవి. పది పన్నెండు రోజులకు మళ్లీ పెట్టినవి, మళ్లీ తిన్నవి. మూడవమారు గ్రుడ్లు చిట్లి, పిల్లలు తోకలాడించే దశకు వచ్చినవి. తెల్లవారేసరికి అవీ లేవు.

ఆ రోజులలో నా భార్యకు ఆరవ నెల. మా అమ్మ అప్పుడే ఊరినుంచి వచ్చింది. తొట్టిని చూసి ముఖం చిట్లించింది. "సొంత పిల్లల్ని తినే జీవాన్ని ఇంట్ల పెట్టుకుంటార్రా? కోడలు నీళ్లోసుకొని ఉన్నది. బతుకమ్మ పండుగలోపు ఇది ఇంట్లకెల్లి పోవాలె" అన్నది. నేను శాస్త్రం చెప్పబోయాను. "క్రొత్త జంటలు మొదట రెండు మూడు కాన్పులు పాడు చేసుకుంటవమ్మా, తరువాత నేర్చుకుంటవి" అన్నాను. ఆ మాట నిజమే. పుస్తకాలన్నీ అదే చెబుతవి. కాని మా అమ్మకు ఆ జవాబు నచ్చలేదు. నాకు లోపల భయమే వేసింది. శకునాల మాట అటుంచి, ఇంటిలో నెలలు నిండుతున్న మనిషికి రోజూ ఆ దృశ్యం చూపించడం నాకు మాత్రం ఇష్టమా?

వారం రోజుల తరువాత నాలుగవమారు గ్రుడ్లు పెట్టినవి. ఆ రాత్రి మా అమ్మకు నిద్రపట్టక తొట్టి ప్రక్కన కూర్చున్నది. నన్ను లేపి, "ఇటు చూడు" అన్నది. మా గోడకు ఆవల కార్ఖానా ఉన్నది. పగటిపాళీ వారు దిగి రాత్రిపాళీ వారు ఎక్కే వేళకు సాంచాలు ఆగి, మళ్లీ ఒక్కసారిగా మొదలవుతవి. నా తొట్టి సరిగా ఆ గోడకే ఆనుకొని ఉన్నది. సాంచాలు మొదలైన క్షణాన నీటి మీద సన్నని వణుకు పుట్టింది. తల్లి చేప ఉలిక్కిపడి వెనుకకు పోయి, మళ్లీ వచ్చి గ్రుడ్లను నోటితో అందుకోవడం మొదలుపెట్టింది.

"బాలింత గదిల గిట్ల దడదడ ఉంటే ఎట్ల రా?" అన్నది మా అమ్మ. "నువ్వు పుట్టిననాడు మీ నాయిన నాల్గు రోజులు మగ్గం గుంతల దిగలేదు. ఆ చప్పుడుకు పసిగుడ్డు ఉలిక్కిపడ్తడని."

ఇన్ని నెలలు ఆ తొట్టి ముందు కూర్చున్న నాకు తోచని సంగతి అది. చేపకు చెవులు బయటికి కనబడవు గాని, ఒంటికి ఇరుప్రక్కల తలనుంచి తోకదాకా ఒక గీత ఉంటుంది. నీటిలోని కదలికను, అదురును అది ఆ గీతతో తెలుసుకొంటుంది. పుట్టిననాటినుంచి సాంచాల మోత వింటున్న మనకు అది చప్పుడుగా తోచదు. తొట్టిలోని తల్లికి అది ఆపద. ఆపద వచ్చినదని తోచినప్పుడు, దక్కని గ్రుడ్లను ప్రక్కవాడికి వదలక తానే తిని, ఆ బలంతో మళ్లీ పెట్టుకోవడం దాని పద్ధతి. అది క్రూరత్వమని మనం అనుకొంటాము. చోటు బాగాలేదని అది మనతో చెప్పే మాట అని నాకిప్పుడు తోస్తుంది.

ఆ గ్రుడ్లు ఎట్లాగూ దక్కలేదు. ఆ ఆదివారం తొట్టి ఖాళీ చేసి, ఎదుటి గోడ మూలకు మార్చాను. స్టాండు కాళ్ల క్రింద పాత రబ్బరు ముక్కలు, తొట్టి క్రింద థర్మోకోల్ రెండు వరుసలు వేశాను. మూడు ప్రక్కల కోరా గుడ్డ కట్టి, ఒక్క ముందు భాగం వదిలాను. రాత్రి దీపం ఒక్కసారిగా ఆర్పితే చీకటిలో తల్లిదండ్రులు బెదురుతవి. కనుక చిన్న జీరో బల్బు తెల్లవార్లూ వెలిగేటట్లు చేశాను. అద్దం మీద ఎవరూ వ్రేలితో కొట్టరాదని మా అమ్మే కాపలా కాసింది. చేపలకు, మాకు నడుమ అద్దం ఉన్నా, పురిటి మంచం దగ్గర నడిచినట్లు నడిచాము.

అయిదవమారు సుమారు రెండు వందల యాభై గ్రుడ్లు. రెండవ రోజు సాయంత్రానికి అవి చిట్లినవి. పిల్లలు తలల వద్దనున్న జిగురుతో పలకను అంటిపెట్టుకొని తోకలాడించినవి. క్రింద రాలిన ప్రతిదానిని తండ్రి నోట కరచుకొని వచ్చి మళ్లీ పలక మీద ఉమ్మినది. ఆ తరువాత నాలుగైదు రోజులకు అన్నీ ఒక్కసారిగా లేచి ఈదినవి. నెల తిరిగేనాటికి అరవై చిల్లర మిగిలినవి. పండుగ వచ్చింది, పోయింది. తొట్టి సంగతి మా అమ్మ ఎత్తలేదు. ఆ సంవత్సరమే పుట్టిన మా అమ్మాయి ఇప్పుడు నాలుగవ తరగతి చదువుతున్నది.

పిల్లలకు మేత

పిల్లలు పలకను అంటుకొని ఉన్నన్నాళ్లు వాటి పొట్టలోని సొననే వాటికి ఆహారం. అప్పుడు మేత వేస్తే నీరు చెడుతుంది, అంతే. ఈదడం మొదలైన రోజునుంచి మాత్రం ఆలస్యం చేయరాదు. ఆర్టీమియా అనే ఉప్పునీటి పురుగు గ్రుడ్లు దుకాణాలలో అమ్ముతారు. లీటరు నీటిలో పాతిక గ్రాముల ఉప్పు కలిపి, చిటికెడు గ్రుడ్లు వేసి, గాలి కొట్టిస్తే ఒకటి ఒకటిన్నర రోజుకు నారింజరంగు పురుగులు పుడతవి. సన్నని గుడ్డలో వడకట్టి, మంచినీటితో కడిగి వేయవలె. రోజుకు నాలుగుసార్లు, కొద్దికొద్దిగా. పిల్లల పొట్టలు నారింజరంగుకు తిరిగితే తిన్నట్లు గుర్తు. కోడిగ్రుడ్డు పచ్చసొన వేయమని కొందరు చెబుతారు. నీరు అతి త్వరగా కుళ్లుతుంది, నా మట్టుకు నేను మానివేశాను. రోజూ పదవ వంతు నీరు మార్చవలె. వెచ్చదనం 27, 28 డిగ్రీలు ఉండవలె. ఇక్కడి వానాకాలంలో అది దానంతట అదే ఉంటుంది గాని, పుష్యమాసపు రాత్రులలో హీటరు కావలె.

వ్యాపారానికి పెంచేవారు గ్రుడ్లున్న పలకను వేరే తొట్టికి మార్చి, బూజు పట్టకుండా మెథిలీన్ బ్లూ అనే మందు కలిపి, తల్లి రెక్కల గాలికి బదులు మోటారు గాలి కొట్టిస్తారు. ఎక్కువ పిల్లలు దక్కే మాట నిజమే. కాని సిక్లిడ్‌ను ఇంట పెంచుకొనేది దాని సంసారం చూడడానికి గదా!

ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు

మన ఆరంజ్ క్రోమైడ్ పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీద ఊరే జిగురును కొరికి తింటవి. డిస్కస్ అనే అమెరికా చేప పిల్లలకు కూడా మొదటి రోజులలో ఆ జిగురే పాలు. మలావి చేపలలో అనేకం గ్రుడ్లను, పిల్లలను నోటిలో దాచుకొంటవి. ఆ మూడు వారాలు తల్లికి తిండి దాదాపు లేనట్లే. ఆఫ్రికాలోని జువెల్ చేపను గురించి 1973లో నోబెల్ బహుమతి పొందిన కోన్రాడ్ లోరెంజ్ ఒక ముచ్చట వ్రాశాడు. తండ్రి చేప ఒక వానపాము ముక్కను నోటిలో నములుతుండగా దారి తప్పిన పిల్ల కనబడింది. దానిని కూడా నోటిలోకి తీసుకొన్నది. మ్రింగవలసినదీ, కాపాడవలసినదీ ఒకే నోటిలో! క్షణం కదలకుండా నిలిచి, రెంటినీ క్రింద ఉమ్మి, తీరికగా పురుగును తిని, ఆపైన పిల్లను నోట కరచుకొని ఇంటికి పోయిందట.

క్రొత్తగా మొదలుపెట్టేవారికి చారలుండే కాన్విక్ట్ చేప అన్నిటికంటె సులభం. పూలకుండీని అడ్డంగా పడవేస్తే చాలు, దానిలో కాపురం పెడుతుంది. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ చిన్నప్పుడు ముద్దుగా ఉంటవి గాని, అడుగు పొడవు పెరుగుతవి, ప్రక్కవాటిని మింగుతవి. చిన్న యిండ్లవారు వాటి జోలికి పోకపోవడం మంచిది.

ఒక హెచ్చరిక

పిల్లలు ఎక్కువైనప్పుడు స్నేహితులకు ఇవ్వండి, దుకాణానికి ఇవ్వండి. కామత్‌ఘర్ దగ్గర మన వరాలదేవి చెరువులో మాత్రం వదలకండి. పుణ్యమనుకొని చేసే ఆ పని పాపమవుతుంది. మనలో కొన్నిచోట్ల జిలేబీ చేప అనే తిలాపియా కూడా సిక్లిడే. ఆఫ్రికానుంచి వచ్చిన ఆ జాతిని 1952లో మన దేశానికి తెచ్చారు. పిల్లలను నోటిలో దాచి కాపాడుకొనే ఆ గుణమే దానికి బలమై, చెరువు తరువాత చెరువు నిండి, నాటు చేపలకు చోటు లేకుండా చేసింది. అమెరికాలోని ఫ్లారిడా కాలువలలో ఇండ్లనుంచి, పెంపకపు చెరువులనుంచి చేరిన ఆస్కార్‌లు ఈనాటికీ ఉన్నవి. సిక్లిడ్‌లకే జరిగిన అన్యాయమూ ఉన్నది. విక్టోరియా సరస్సులో 1950లలో నైల్ పెర్చ్ అనే పెద్ద చేపను వదిలితే, 1980ల నాటికి అక్కడి సిక్లిడ్ జాతులు వందలుగా కనబడకుండా పోయినవి. వాటిలో కొన్ని ఈనాడు మిగిలి ఉన్నవంటే, అద్దాల తొట్టెలలో పెంచుతున్నవారి చలవే.

కాబట్టి తొట్టి పెట్టడం పెద్ద విద్య కాదు, పెద్ద ఖర్చూ కాదు. మీ యింట చేప గ్రుడ్లను తింటే దానిని తిట్టకండి. గోడకు ఆవల ఏమున్నదో, నీరెట్లా ఉన్నదో, దీపం ఎప్పుడు ఆరుతున్నదో ఒక్క రాత్రి ప్రక్కన కూర్చొని చూడండి. మాలో ఆ పని చేసినది చేపల పుస్తకం ఒక్కటీ చదవని మా అమ్మ.